గల్లీ అవతల నిలవడి చూసే మా కాక

మా కాక పోయిండు.

సోమవారం పొద్దుగాల ఏడు కాకముందే ఆయన నంబరు నుంచి నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. నేను వెంటనే తెరవలే. ఎందుకంటే రోజూ గదే టైముకు కాక ఎవరో చేసిన ఒక పువ్వుల బొమ్మ పంపిస్తడు. మీద 'శుభోదయం' అని ఉంటది, దాని కింద 'ఈ అక్షరాలు పెట్టినోని చెయ్యి ఇరగ' అని కాక దీవెన ఉంటది. ఇయ్యాల ఎవరికి పడ్డదో చాయ్ తాగినంక చూద్దామనుకున్న. తాగి తెరిస్తే, కాక బిడ్డ రాసింది: 'నాన్న నిద్రలనే పోయిండు. తెల్లారి లేపితే లేవలే. ముందు మీకు చెప్పమని అమ్మ అన్నది.'

గట్టు మీద కూలవడ్డ. మా అత్తమ్మ లోపటి నుంచి వచ్చి 'ఏమైందే, ఏమైంది' అంటే 'కాక పోయిండు అత్తమ్మా' అన్న. 'ఏ కాక? మీ ఊరి కాకనా?' 'కాదు, ఆఫీసు కాక.' అత్తమ్మ నా మొఖం దిక్కు వింతగ చూసింది. ఆఫీసే లేనిదానికి ఆఫీసు కాక ఎక్కడి నుంచి వచ్చిండని ఆమె పరేషాన్.

ఆమెకే గాదు, మీకు సుత చెప్పాలె. ఆయన నాకు రక్తసంబంధం గాదు. మేమిద్దరం ఒక చిన్న మార్కెటింగ్ ఏజెన్సీల పనిచేసినం. మొత్తం ఆరుగురం. ఆఫీసు లేదు, ఎవరింట్ల వాళ్లం కూసొని చేసుడే. షాపులకు, దవాఖానలకు, ఫంక్షన్ హాళ్లకు పాంప్లెట్లు, పోస్టర్లు, ఫోన్ల వచ్చే ప్రకటనలు తయారు చేసిస్తం. మాటలు నేను రాస్త, బొమ్మ కాక చేసెటోడు. ఏజెన్సీ నడిపే మా మేడం కూకట్‌పల్లిల ఉంటది, ఆమెది విజయవాడ దిక్కు. నేను ఎల్‌బీ నగర్ల, కాక దిల్‌సుఖ్‌నగర్ల. మా ఇద్దరి నడుమ మెట్రో మూడు స్టేషన్ల దూరం. నాలుగేండ్లు, రోజుకు పదిసార్లు మాట్లాడుకున్నం. ఒక్కసారి సుత ఎదురుపడలే. ఈ ముచ్చట ఎవరికి చెప్పినా నమ్మరు, నాకే సిగ్గయితది.

చేరిన రెండో దినం నాటి వీడియో మీటింగు నాకింకా యాదికున్నది. మేడం ఒక మిఠాయి దుకాణం పోస్టరు తెర మీద పెట్టి, 'బాబాయ్ గారూ, ఎలా ఉందండీ?' అన్నది. కాక జవాబియ్యలే. లేసిండు, పోయిండు. తెర మీద ఖాళీ స్టూలు, దాని ఎనుక క్యాలెండరు, తెరిచిన తలుపు. అయ్యో, ముసలాయనకు కోపమొచ్చింది అనుకున్న. జర సేపటికి ఆ తలుపుల నుంచి చూస్తే, గల్లీ అవతల ఎదురింటి గోడకు ఆనుకొని, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని నిలవడ్డడు. నడుమల నుంచి స్కూటర్లు పోతున్నయ్. గక్కడి నుంచే ఒర్రిండు: 'లడ్డు కనవడ్తున్నది, దుకాణం పేరు కనవడ్తలేదు! పసుపు మీద తెలుపు పెడ్తే ఎవనికి కనవడ్తదమ్మా?'

అది ఆయన పని పద్ధతి. ఏ బొమ్మ అయినా సరే, గల్లీ దాటి పోయి అక్కడి నుంచి చూడకుంట 'సరే' అనెటోడు గాదు. దారిన పోయేటోళ్లను ఆపి చదివిపిచ్చెటోడు. కూరగాయల బండి ఆమెను అయితే రోజూ. 'అక్కా, ఆ తెర మీద ఏమున్నదో చదువు.' ఆమె బండి ఆపి, తల వంచి, 'పండ్ల దవాఖాన… పిప్పి పండ్లు పీకబడును' అని చదివిందంటే మా పోస్టరు పాస్ అయినట్టు. ఆమె తడవడ్డదంటే మేమందరం మల్ల మొదటికి. కొత్తగ వచ్చినోళ్లు మా మీటింగుల ఖాళీ స్టూలు చూసి 'నెట్ పోయిందా?' అని అడిగెటోళ్లు. మేడం నవ్వుకుంట 'లేదండీ, మా ఆర్టిస్టు గారు గల్లీ అవతల ఉన్నారు, వచ్చేస్తారు' అని చెప్పేది.

ఒకసారి నేనే ఎదురు మాట్లాడిన. 'కాకా, ఇప్పుడు ఎవరు బోర్డులు చూస్తున్నరు? అందరూ ఫోన్లనే గద చూసుడు. ఫోను మొఖం ముందరనే ఉంటది. నువ్వు గల్లీ దాటి ఎందుకు పోతున్నవ్?'

'పిచ్చి బిడ్డా,' అన్నడు. 'నువ్వు కుర్చీల కూసొని చూస్తవ్. చదివెటోడు బస్సుల పోతుంటడు. ఫోన్ల సుత గంతే. బొటనవేలుతోని నూకుకుంట నూకుకుంట పోతనే ఉంటడు. వాని వేలు ఆగాలె.'

నేను రాసుడు నేర్చుకున్నది గా మాట నుంచే. అంతకుముందు నేను రాస్తే పెండ్లి పత్రిక లెక్క పొడుగ్గ ఉండేది. కాక చదివి 'దీన్ని మోస్తానికి ఇద్దరు మనుషులు కావాలె, సగం దించు' అనెటోడు. సగం దించితే 'ఇంక సగం దించు' అనెటోడు. నాకు మస్తు కోపమొచ్చేది. రాసింది నేనైతే కోసేది ఈయనా అని. తెల్లారి చూస్తే, ఆయన మిగిలిచ్చిన నాలుగు మాటలే నేను చెప్పాలనుకున్నయ్.

కాక అసలు బోర్డులు రాసే పెయింటరు. పదిహేనేండ్లప్పుడు కుంచె పట్టిండట. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాక చీరల దుకాణాలు, కోచింగు సెంటర్లు, లారీల ఎనుక భాగాలు, ఏది ఖాళీగ దొరికితే అది రాసిండు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చినయ్, కుంచె మూలకు పడ్డది. వేరే ఆయనైతే ఫ్లెక్సీలను తిట్టుకుంట కూసునెటోడు. కాక గదే ఫ్లెక్సీ దుకాణానికి పోయి, కంప్యూటర్ ముందర కూసున్న పిల్ల ఎనుక స్టూలు వేసుకొని కూసున్నడు. 'నాకు ఇది నేర్పియ్యి తల్లీ, నీకు అక్షరం ఎక్కడ ఊపిరి తీసుకుంటదో నేను నేర్పిస్త' అన్నడట. యాభై దాటినంక మౌసు పట్టిండు. 'మొదట్ల అది నా చేతిల చేప పిల్ల లెక్క జారేది బిడ్డా' అని నవ్వెటోడు.

పెయింటర్లకు ఒక ఆనవాయితీ ఉన్నది. బోర్డు రాసుడు అయినంక కింద మూలకు సన్నగ తమ ఫోను నంబరు రాసుకుంటరు. కంప్యూటర్ మీదికి వచ్చినంక సుత కాకకు ఆ అలవాటు పోలే. దుకాణపోళ్ల నంబరు నేను పంపేదాక, ఆ జాగల తన నంబరు పెట్టి బొమ్మ చేసెటోడు. 'ఖాళీ జాగ ఉంటే పన్ను ఊడిన నోరు లెక్కుంటది' అనెటోడు. అసలు నంబరు వచ్చినంక తీసి మార్చెటోడు. ఈ అలవాటే ఒకనాడు నా కొంప మీదికి తెచ్చింది.

దానికి ముందు మా ఇంటి సంగతి చెప్పాలె. మా మామకు పక్షవాతమొచ్చి కుడి పక్క పడిపోయింది. అత్తమ్మకు మోకాళ్లు లేవవు, మామను ఒక్కతే లేపలేదు. మా ఆయన ట్రావెల్స్ బస్సు నడుపుతడు, ఎల్‌బీ నగర్ నుంచి ఒంగోలు దిక్కు పోయి రెండు దినాలకోసారి ఇల్లు చూస్తడు. పెండ్లయి తొమ్మిదేండ్లు నేను గడప దాటలే. డిగ్రీ సర్టిఫికెట్లు ట్రంకు పెట్టెల చీరల కింద ఉన్నయ్. గసొంటి టైంల ఈ ఇంటికాడి ఉద్యోగం దొరికింది. నా పేరు మీద ఒక పని ఉన్నదని పొద్దున లేవంగనే యాదికొచ్చేది, ఊకెనే నవ్వొచ్చేది.

మా అత్తమ్మ చెడ్డది గాదు. కానీ ఆమె ప్రకారం పనికి పోవుడంటే చెప్పులేసుకొని గేటు దాటాలె. నేను గేటు దాటను గద, అంటే ఖాళీగ ఉన్నట్టే. మీటింగుల ఉంటే వచ్చి 'ఆ డబ్బ జర పక్కకు పెట్టి ఈ చింతపండుల గింజలు తియ్యి' అనేది. ఒకసారి ఒక డాక్టరుతోని మాట్లాడుతుంటే ఎనుక నుంచి వచ్చి, పల్లీల చట్నీ నా నోట్లె పెట్టి 'ఉప్పు సాలిందా?' అన్నది. తెర మీద అయిదుగురు, డాక్టరుతోని ఆరుగురు చూసిన్రు. నేను బిక్కమొఖం వేసిన. కాకనే అందుకున్నడు: 'ఏమాయె బిడ్డా, సాలిందా లేదా? చెప్పు, పెద్దామె నిలవడ్డది.' ఇంట గెలిచి రచ్చ గెలవాలంటరు. మాకు ఇల్లూ రచ్చా రెండూ ఒక్క అర్రలనే.

ఇగ అసలు కథ. పోయిన ఎండకాలం హయత్‌నగర్ల ఒక కొత్త ఫంక్షన్ హాలు పని మాకు వచ్చింది. హాలు ఓనరు అక్కడి పాత కాపు, అందరు పటేల్ అనే పిలుస్తరు. వాళ్ల తాత జొన్నలు పండిచ్చిన చెల్కల ఏసీ హాలు కట్టిండు. శ్రావణమాసం పెండ్లిళ్లకు బుకింగులు రావాలె. ఎల్‌బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాక తిరిగే ఆటోల ఎనుక స్టిక్కర్లు వేయాలని ఒప్పందం.

మా దాంట్ల ఒక రూలు ఉన్నది. ఏ బొమ్మ అయినా ప్రింటుకు పోకముందు దాని మీదున్న నంబరుకు ఫోన్ కొట్టి చూడాలె. ఎవరన్నా ఎత్తితే టిక్కు పెట్టాలె. ఆ పని నాది. హాలు నంబరు నేను కాకకు పంపుడు మర్చిపోయిన. ఆయన బొమ్మల ఆయన నంబరే ఉండిపోయింది. సరే, నేను రూలు ప్రకారం బొమ్మను చూసుకుంట ఒక్కొక్క అంకె నొక్కిన. గప్పుడే గేటు కాడ మునగకాయలామె వచ్చింది. 'నాకు బేరం రాదు, నువ్వు రాయే' అని అత్తమ్మ కేక. ఫోన్ల 'కాక' అని పేరు పడ్డది. 'చెప్పు బిడ్డా' అన్నడు. నేను 'కాకా, రేపటి దవాఖాన బొమ్మ అయిందా?' అన్న. 'అయితున్నది' అన్నడు. పెట్టేసిన. నంబరు కొట్టిన, ఎత్తిన్రు, మాట్లాడిన. టిక్కు పెట్టి మునగకాయల కాడికి పోయిన.

లోకంల ఇంకెవరైనా గిట్ల చేస్తరా చెప్పుండ్రి. రోజుకు పదిసార్లు మాట్లాడే మనిషి ఎత్తేసరికి, నేను ఆయనకే ఫోన్ చేసిన్నేమో అనుకున్న.

నాలుగో నాడు కాక ఫోన్ చేసిండు. నవ్వు ఆగుతలేదు. 'బిడ్డా, నిన్నటి నుంచి అందరు నన్ను పెండ్లి హాలు అడుగుతున్నరు. ఏసీ ఉన్నదా, ఎంతమంది పడ్తరు, భోజనాలకు జాగ వేరే ఉన్నదా అని. ఎక్కడ చూసినవమ్మా నా నంబరు అంటే, ఆటో ఎనుక అన్నది ఒకామె. ఇప్పుడే ఎల్‌బీ నగర్ సిగ్నల్ కాడికి వచ్చి చూసిన. మస్తు కనవడ్తున్నది! రోడ్డు అవతల నుంచి సుత చదువొచ్చు.'

నాకు నవ్వు రాలే. అంతకుముందు నెలనే మా దాంట్ల రెండు తప్పులు దొర్లినయ్. మేడం మీటింగుల చెప్పేసింది: 'ఎవరింట్లో వాళ్లుంటే ఇలాగే ఉంటుంది. ఇంకొక్కటి జరిగిందా, గచ్చిబౌలిలో ఆఫీసు తీసుకుంటాను. అందరూ రోజూ రావాల్సిందే.' రోజూ గచ్చిబౌలి పోయి వచ్చుడంటే మామను ఎవరు లేపాలె, ఎవరు తినిపియ్యాలె? ఆఫీసు వచ్చిందంటే నా ఉద్యోగం పోయినట్టే. సర్టిఫికెట్లు మల్ల చీరల కిందికి.

దాచుకునుడెందుకు, ఉన్నది చెప్త. నేను కాకను బతిమాలిన. 'కాకా, నంబరు మార్చుడు నువ్వే మర్చిపోయిన అని చెప్పరాదూ. నిన్నైతే మేడం ఏమనదు.'

కాక కోపానికి రాలే. 'చెప్త బిడ్డా, నాకేం. కానీ ఇది నేను చెప్తే నీకు రేపటి నుంచి మేడంతోని మాట్లాడాలంటే దడ పుడ్తది. రంగు పక్కకు పోయిందనుకో, తడి మీదున్నప్పుడే గుడ్డతోని తుడ్వాలె. ఆరినంక గీకాలె, గీకితే కింద రేకు సుత గీరుకపోతది. ఈ పూటనే చెప్పెయ్. నువ్వు చెప్పేదాక ఫోన్లు నేను ఎత్తుత.'

'ఎత్తి ఏం చెప్తవ్?'

'ఏం చెప్త? హాలు మాట్లాడుతున్నది అని చెప్త.'

చెప్పిన. మేడంకు ఫోన్ చేసి, మొదటి నుంచి చెప్పిన. మునగకాయలతోని సహా. ఆమె 'సరే, రేపు ఓనరుతో కాల్ పెడతాను, నువ్వూ ఉండు' అని పెట్టేసింది. ఆ దినమంత దొంగకు తేలు కుట్టినట్టు ఎవరికీ చెప్పలేక ఇంట్ల తిరిగిన.

కాక ఏం చేసిండో ఎరుకనా? బస్సెక్కి హయత్‌నగర్ పోయిండు. టేపు తీసుకపోయి స్టేజీ కొలిచిండు. వంటల కాడికి పోయి నల్లా తిప్పి చూసిండు. వాచ్‌మెన్‌తోని చాయ్ తాగి ఏయే తారీకులు ఖాళీ ఉన్నయో రాసుకున్నడు. తెలియనిది చెప్పొద్దట, ఫోన్ చేసినోళ్లకు. అరవై ఆరేండ్ల మనిషి, మిట్ట మధ్యాహ్నం ఎండల.

తెల్లారి వీడియో కాల్ల హాలు ఓనరు ఒర్రుడు మొదలువెట్టిండు. 'నా హాలుకు ఎవనిదో నంబరు వేస్తరా? మీదేం ఏజెన్సీ? నా సీజనంత మన్నువడ్డది!' మేడం 'తప్పు మాదేనండీ' అంటున్నది. నేను 'సార్, తప్పు ఏజెన్సీది గాదు, నాది' అన్న. ఆయన నా మీదికి మర్లేలోపటనే కాక దగ్గిండు.

'పటేలా, జర ఊపిరి తీస్కో. ఆ ఎవనిదో నంబరు నాదే.' ఒక పొడుగు నోటుబుక్కు తీసి, కండ్లద్దాలు పెట్టుకొని చదువుడు షురూ చేసిండు. 'వనస్థలిపురం నుంచి ఒకామె, బిడ్డ పెండ్లి, గురువారం హాలు చూస్తానికి వస్తది. తుర్కయాంజాల్ మాస్టారు, కొడుకు రిసెప్షన్, కూరగాయల భోజనమే. చంపాపేట్ల ఇద్దరన్నదమ్ములు, రెండు పెండ్లిళ్లు ఒక్కనాడే చేస్తరట, మండపం పెద్దగ కావాలె…' పేజీ తిప్పిండు. ఇంకో పేజీ తిప్పిండు. ఓనరు మొఖంల కోపం ఎటు పోవాలో తెల్వక నిలవడ్డది.

'పోయిన నెల నేను పంచిన పాంప్లెట్లకు నలుగురు సుత ఫోన్ చేయలే,' అన్నడు. 'నువ్వేం చెప్తున్నవయ్యా వాళ్లకు?'

'ఉన్నది చెప్తున్న. స్టేజీ మంచిగున్నది, గాలి మంచిగ వస్తది. వంటకాడ నల్లా కారుతది, సెల్లారుల లైటు లేదు, ముసలోళ్లు పడ్తరు. అవి రెండూ వారంల బాగు చేయిస్తనని పటేల్ అన్నడు అని చెప్పిన.'

'నేనెప్పుడన్న?'

'ఇప్పుడను.'

మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. ఓనరు ఒక్క నిమిషం చూసి పకపక నవ్విండు. స్టిక్కర్లు తీసేది లేదు, సీజను అయ్యేదాక ఫోన్లు గా పెద్దమనిషే ఎత్తాలె అన్నడు. గచ్చిబౌలి ముచ్చట మల్ల రాలే. మేడం కొత్త రూలు మాత్రం పెట్టింది: ఎత్తింది సొంత అమ్మ అయినా సరే, 'మీరు ఎవరండీ?' అని అడిగినంకనే టిక్కు. అప్పటి నుంచి నేను కాకకు ఫోన్ చేసి 'మీరు ఎవరండీ?' అంటే, 'నాకేం తెలుసు బిడ్డా, నువ్వే చెప్పాలె' అని ఏడిపిచ్చెటోడు.

ఆ సాయంత్రం కాకతోని మొత్తుకున్న. 'మా అత్తమ్మ గప్పుడు పిలవకుంటే ఈ లొల్లే లేకుండె కాకా.' కాక అత్తమ్మనే ఎనకేసుకొచ్చిండు. 'ఆమెదేం తప్పు? నీ ఆఫీసు నీకు కనవడ్తది, మాకు కనవడ్తది. ఆమెకు కనవడేది డబ్బ ముందర కూసున్న కోడలే గద.' నాకు గా మాట నచ్చలే. ఎప్పుడూ ఆమె దిక్కేనా అని రెండు దినాలు మొఖం మాడ్సుకున్న.

ప్రతి శనివారం 'రేపు వస్త కాకా' అనెటిదాన్ని. 'రా బిడ్డా, మీ చిన్నమ్మ సర్వపిండి చేస్తది' అనెటోడు. ఆదివారం మామకు స్నానం, బట్టలు, ఇంకేదో. మూడు స్టేషన్లే గద, ఎప్పుడైనా పోవచ్చు అనుకున్న. దగ్గరుండుడు గిట్లనే మోసం చేస్తది. అమెరికానో ఆస్ట్రేలియానో అయితే టికెట్టు కొనుక్కొని పోయెటిదాన్నేమో. నా మీద నాకే కోపం, ఇంకా తగ్గలే.

సోమవారం మామను జర చూడుమని పక్కింటామెకు చెప్పి పోయిన. గా గల్లీ నేనెన్నడూ తొక్కలే, కానీ తలుపు చూడంగనే గుర్తువట్టిన. కాకను చూసి నివ్వెరపోయిన. ఎంత పొడుగు మనిషి! స్టూలు మీద వంగి కూసుంటే పొట్టిగ ఉంటడనుకున్న. చాప చాలక కాళ్లు బయటికున్నయ్. ఒక పక్కకు మేడం నిలవడి ఏడుస్తున్నది, నా భుజం దాక సుత రాలే ఆమె. నాలుగేండ్ల నుంచి పై సగమే తెలిసిన మేము, మిగిలిన అయిదుగురం, ఒకరి కాళ్లు ఒకరం గప్పుడే చూసుకున్నం. అంత ఏడుపుల సుత మేడం నన్ను చూసి 'ఇంత పొడుగా అమ్మాయ్ నువ్వు!' అన్నది. ఇద్దరం నవ్వినం, మల్ల ఏడ్సినం.

కూరగాయల బండి ఆమె గల్లీల నిలవడి 'ఇగ నన్నెవరు చదవమంటరు' అని కొంగు నోట్లె పెట్టుకున్నది. ఆమె ఎనుక ఎదురింటి గోడ. కాక వీపు ఆనిచ్చి ఆనిచ్చి ఆ జాగల సున్నం అరిగి నున్నగయింది. మొన్న దసరాకు గోడలకు సున్నం వేయిస్తే, తెల్లారే మల్ల అరగ్గొట్టిండని ఎదురింటాయన చెప్పిండు. చెప్పుకుంట నవ్విండు పాపం.

అన్నీ అయినంక చిన్నమ్మ నన్ను లోపటికి పిలిచింది. కాక మంచం కింద నుంచి పాత చీరల చుట్టిన రేకు బోర్డు ఒకటి తీసి నా ఒళ్లె పెట్టింది. 'నీకే బిడ్డా. ఎన్నేండ్లకో కుంచె పట్టిండు. చెయ్యి వణుకుతున్నదని రోజుకు ఒక్క అక్షరమే రాసిండు. ఎవరినీ ముట్టనియ్యలే.'

చీర విప్పిన. ఎర్రగ, పెద్దగ, నీలం నీడ తోని 'ఆఫీసు' అని ఉన్నది. దాని కింద 'పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాక'. దాని కింద 'పని నడుస్తున్నది' అని సన్నగ పెన్సిలుతోని గీసి ఉన్నది, రంగు ఇంక పడలే. మెట్రోల ఆ బోర్డును ఒళ్లె పట్టుకొని మూడు స్టేషన్లు ఏడ్సుకుంట వచ్చిన. పక్క సీటు ఆమె బోర్డు చదివి, ఏమనుకున్నదో, నాకు మంచినీళ్లిచ్చింది.

మంగళవారం పొద్దున నా అర్ర తలుపుకు మొల కొట్టి తగిలిచ్చిన. అత్తమ్మ 'గిదేంది?' అన్నది. 'ఆఫీసు బోర్డు అత్తమ్మా. కాక రాసిండు.' ఆమె మోకాలు పట్టుకొని పోయి మామకు జావ కలుపుకున్నది.

పదిన్నరకు మీటింగుల ఉన్న. పక్కింటామె వచ్చిన సప్పుడైంది. ఎప్పటి లెక్కనే 'మీ కోడల్ని జర పిలువు, గ్యాసు బుక్ చేసియ్యాలె' అంటున్నది. నేను అలవాటుగ లేవబోయిన. గంతల అత్తమ్మ గొంతు వినవడ్డది, గుసగుసగనే గానీ గట్టిగ: 'మెల్లగ మాట్లాడు. కండ్లు కనవడ్తలేవా, తలుపు మీదున్నది? నా కోడలు ఆఫీసుల ఉన్నది. ఆరు కొట్టినంక రా.'

మైకు మూసుకున్న. తలుపు సందుల నుంచి చూసిన. పక్కింటామె వెళ్లిపోయింది. అత్తమ్మ పీట జరుపుకొని బోర్డు ముందర కూసున్నది. కూడబలుక్కొని చదివేంతనే వచ్చు ఆమెకు. రంగు పడని కాడ పెన్సిలు గీతల మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం మెల్లగ చదువుతున్నది.